చూపరి ఋణం

సియోల్ నగరంలోని కొరియా జాతీయ సంగ్రహాలయంలో ఒక చిన్న కూజా ఉన్నది. దాని ఎత్తు సుమారు 23 సెంటీమీటర్లు. పొట్ట భాగం ఎనిమిది తొనలు తీరిన కర్బూజ పండును పోలి ఉంటుంది. దానిపైన సన్నని మెడ నిలువుగా సాగి, అంచు వద్ద ఎనిమిది రేకుల పువ్వువలె విచ్చుకొంటుంది. అడుగున కుచ్చెళ్లు పోసిన వస్త్రం వంటి పీఠం దానిని మోస్తుంది. మెడమీది సన్నని గీతలు తప్ప దానికి వేరు అలంకారం లేదు. చిత్రం లేదు, బంగారు పూత లేదు. ఉన్నదంతా ఆకారం, వన్నె. ఆ వన్నెను పచ్చ అనబోతే నీలం తోచును. నీలం అనబోతే బూడిదరంగు తోచును. లోతైన కొలనులో నాచుమీద పడి తిరిగివచ్చిన వెలుగువలె అది పైపూతలో గాక లోపల ఎక్కడనో నిలిచి ఉన్నట్లుంటుంది.

దాని ముందు నిలిచిన చూపరికి మొదట కలిగేది శాంతి. నడక నెమ్మదిస్తుంది, మాట తగ్గుతుంది. ఆకారానికి వన్నె చాలినది, వన్నెకు ఆకారం చాలినది అనిపిస్తుంది. కాని ఆ కూజా చరిత్ర తెలిసిన తరువాత ఈ శాంతి అంత సులభంగా నిలువదు. అది 12వ శతాబ్దిలో, గొర్యో వంశం కొరియాను ఏలిన కాలంలో తయారైన సెలడాన్ పాత్ర. 1146లో మరణించిన ఇంజోంగ్ రాజు సమాధి నుండి వెలువడినదని దానికి ప్రసిద్ధి. దానిని చేసినవారికి తమ ఊరు విడిచిపోయే స్వేచ్ఛ లేదు. దానిని రాజుతోపాటు భూమిలో ఉంచినవారు మరల ఏ కన్నూ దానిని చూడవలెనని కోరలేదు. దానిని పైకి తీసినవారికి తీసే హక్కు లేదు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరుగకున్నా ఆ కూజా నేటి చూపరి కంటబడేది కాదు. ఒకరి దాస్యం, ఒకరి మరణం, మరియొకరి దొంగతనం కలిసి అతనికి ఒక నిర్మలమైన ఆనందాన్ని అందించినవి. అట్టి ఆనందాన్ని స్వీకరించవచ్చునా? స్వీకరించినచో ఎవరికి ఏమి బాకీ పడినట్లు? ఈ ప్రశ్న ఒక్క కూజాకు సంబంధించినది కాదు. ప్రపంచంలోని సంగ్రహాలయాలలో సగం వస్తువులు ఈ ప్రశ్నను అడుగగలవు. అయినను పెద్ద ప్రశ్నను చిన్న వస్తువు దగ్గర విచారించడం మేలు; అక్కడ మాటల ఆడంబరానికి చోటు తక్కువ.

సెలడాన్ అనేది యూరపువారు పెట్టిన పేరు. కొరియావారు దీనిని చోంగ్జా అంటారు. నీలిపచ్చ పింగాణి అని దాని అర్థం. పాత్ర దేహం మాత్రం మేలిమి పింగాణివలె తెల్లనిది కాదు. ఊరగాయ జాడీలవలె బాగుగా కాలి రాయిగా గట్టిపడిన బూడిదవన్నె మట్టి అది. కుమ్మరి దానిని సారెపై లేపి, తొనలు తీర్చి, ఆరబెట్టి, మొదట ఒకసారి తక్కువ వేడిలో కాల్చుతాడు. తరువాత మట్టి, కట్టెబూడిద మొదలైనవి కలిపిన పూతలో ముంచి రెండవసారి ఆవములో పెడతాడు. ఈసారి వేడి 1,200 డిగ్రీల దరిదాపులకు చేరవలెను. ఆ పూతలో ఇనుము నూటికి ఒకటి నుండి మూడు పాళ్లు మాత్రమే ఉంటుంది. రహస్యమంతా ఆ కొద్దిపాటి ఇనుములో ఉన్నది.

ఆవములోనికి గాలి ధారాళంగా పోయినచో ఆ ఇనుము పూతకు పసుపు, గోధుమ వన్నెలు ఇచ్చును. గాలిని తగ్గించినచో మంట తనకు కావలసిన ప్రాణవాయువును ఇనుములో నుండి లాగుకొనును. అప్పుడు పూత నీలిపచ్చకు తిరుగును. పూతలో చిక్కుకొన్న అతిసూక్ష్మమైన బుడగలు వెలుగును చెదరగొట్టి ఆ లోతును కల్పిస్తాయి. కొండవాలున సొరంగంవలె కట్టిన పొడుగాటి ఆవములో ఏ మూల ఎంత గాలి ఉన్నదో కొలిచే సాధనం ఆనాడు లేదు. మంట రంగును చూచి, పొగ తీరును చూచి నిర్ణయించవలెను. ఒక ఘడియ పొరపాటు పడినచో నెలల శ్రమ మాడిన ఆకు రంగున బయటికి వచ్చును. పాత ఆవముల పక్కన పోగుపడిన పెంకుల గుట్టలు ఆ పొరపాట్లకు సాక్ష్యాలు.

ఈ పని చేసినవారు ఎవరు? గొర్యో రాజ్యంలో సాధారణ గ్రామాలు కాక ‘సో’ అనే ప్రత్యేక పల్లెలు ఉండేవి. ఒక ‘సో’ ఇనుమును, ఒకటి కాగితాన్ని, మరియొకటి పింగాణిని, ఈ విధంగా ఒక్కొక్కటి ఒక్కొక్క వస్తువును ప్రభుత్వానికి అందించవలెను. అక్కడి ప్రజల హోదా సామాన్య రైతు హోదా కంటె తక్కువ. వారు పల్లె విడిచి పోరాదు. ఉద్యోగాలకు పోటీ పడరాదు. తండ్రి పని కొడుకుకు సంక్రమించవలసినదే. సెలడాన్ పాత్రలకు ముఖ్య స్థానమైన గాంగ్జిన్ ప్రాంతం కొరియా నైరుతి కొసన సముద్రతీరాన ఉన్నది. అక్కడ సుమారు 180 పాత ఆవముల ఆనవాళ్లు బయటపడినవి. అక్కడ కాలిన పాత్రలు పడవలలో పడమటి తీరం వెంట రాజధాని కేసోంగ్‌కు పోయేవి. పాత్రలు పోయిన దారిన చేసినవాడు పోరాదు.

ఆ కుమ్మరులు ఈ స్థితిని గూర్చి ఏమి తలచినారో వారు వ్రాయలేదు. కాని ‘సో’ పల్లెల మనుష్యులు సంతోషంతో దానిని భరించినారని చెప్పడానికి వీలులేదు. 1176లో గోంగ్జు సమీపాన ఉన్న మ్యోంగ్‌హాక్ అనే ‘సో’ ప్రజలు మాంగి, మాంగ్సోయి అనే ఇద్దరి నాయకత్వాన తిరుగుబాటు చేసి గోంగ్జును పట్టుకొన్నారు. వారిని శాంతింపజేయుటకు ప్రభుత్వం ఆ పల్లె హోదాను పెంచి సాధారణ పరగణాగా ప్రకటించినది. తరువాత మాట తప్పి సైన్యాన్ని పంపినది. 1177లో తిరుగుబాటు అణగిపోయినది. ఆ ఇద్దరి పేర్లు చరిత్రలో నిలిచినవి. ఎందుకనగా వారు పాలకులను భయపెట్టినారు. పాలకులను ఆనందపెట్టినవారి పేర్లు దాదాపుగా నిలువలేదు. 993 నాటి ఒక జాడీ అడుగున చ్వే గిల్‌హ్వే అనే పనివాని పేరు ఉన్నది. అట్టివి చాల అరుదు. కర్బూజ కూజాపై ఎవరి పేరూ లేదు.

కూజాను ఎవరి కొరకు ఉంచినారో అతని పేరు మాత్రం తెలియును. ఇంజోంగ్ 1122లో బాలుడుగా సింహాసనం ఎక్కినాడు. మరుసటి సంవత్సరం చైనాలోని సోంగ్ చక్రవర్తి దూతబృందం కేసోంగ్‌కు వచ్చినది. ఆ బృందంలోని షు జింగ్ అనే అధికారి తాను చూచినదంతా 40 అధ్యాయాల గ్రంథంగా వ్రాసినాడు. గొర్యోవారు తమ పచ్చని పాత్రల వన్నెను ‘బిసేక్’ అని పిలుస్తారనీ, ఆ పని ఇటీవలి సంవత్సరాలలో మరింత మెరుగుపడినదనీ అతడు తెలిపినాడు. లకుముకిపిట్ట రెక్కల వన్నెనూ, జేడ్ అనే పచ్చని రాతి వన్నెనూ ఆ మాట స్ఫురింపజేస్తుంది. కర్బూజ ఆకారంలో చేసిన మద్యపాత్రను కూడ అతడు ప్రత్యేకంగా పేర్కొన్నాడు. పింగాణి విద్యలో గురుస్థానంలో ఉన్న దేశంవాడు శిష్యుల పనిని మెచ్చుకొన్న సందర్భమది.

కాని కూజాలోని శాంతి ఆ రాజు జీవితంలో కనిపించదు. మాతామహుడే మామగా కూడ మారి రాజ్యాన్ని చేజిక్కించుకొనజూచినాడు. 1126లో ఆ కలహంలో రాజభవనం తగులబడినది. 1135లో మ్యోచోంగ్ అనే భిక్షువు ప్యోంగ్యాంగ్‌లో తిరుగుబాటు లేవదీసినాడు. దానిని అణచిన కిమ్ బుసిక్ చేతనే ఇంజోంగ్ కొరియా ప్రాచీన చరిత్రను వ్రాయించినాడు. ఆ గ్రంథం 1145లో పూర్తియైనది. మరుసటి సంవత్సరం రాజు మరణించినాడు. అతని కుమారుడు ఉయిజోంగ్ 1157లో యాభైకి పైగా ప్రజల ఇండ్లు పడగొట్టించి ఉద్యానమంటపాలు కట్టించినాడని, వానిలో ఒకదానికి సెలడాన్ పెంకులు కప్పించినాడని గొర్యో చరిత్ర చెబుతున్నది. ఇది అతిశయోక్తి అనుకొనుటకు వీలులేకుండ, 1964లో గాంగ్జిన్ ఆవముల వద్ద అట్టి పెంకులు దొరికినవి. 1170లో సేనానులు ఉయిజోంగ్‌ను గద్దె దింపినారు.

అందుచేత ఆ కూజాను చూచి ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగడుటకు ముందు కొంత ఆగవలెను. ఒక యుగపు పాత్ర ప్రశాంతంగా ఉన్నంత మాత్రాన ఆ యుగం ప్రశాంతమైనది కాదు. చేసినవాని బ్రతుకులో లేని శాంతి, వాడినవాని బ్రతుకులో లేని శాంతి పాత్రలోనికి ఎట్లు వచ్చినది అన్నది కళను గూర్చిన ప్రశ్న. ఆ శాంతిని అనుభవించే హక్కు ఎవరిది అన్నది ధర్మాన్ని గూర్చిన ప్రశ్న.

గొర్యో వంశం 1392లో అంతరించినది. అంతకుముందే సముద్రపు దొంగల దాడులవలన తీరప్రాంతపు కుమ్మరులు చెదరిపోయినారు. తరువాతి కాలపు రాజులు తెల్లని పింగాణిని ఆదరించినారు. సెలడాన్ విద్య మరుగునపడినది. మేలైన పాత్రలు చాలవరకు సమాధులలోనే మిగిలినవి. పూర్వుల సమాధిని కదిలించడం కొరియాలో మహాపరాధం. ఆ భయమే 500 ఏండ్లు వానిని కాపాడినది. 1905లో జపాను కొరియాపై ఆధిపత్యం స్థాపించి, 1910లో దానిని కలుపుకొన్నది. ఆ సంవత్సరాలలో కేసోంగ్ చుట్టుపట్ల సమాధులను వేలకొలది తవ్వి పాత్రలను అంగళ్లలో అమ్మినారు. జపాను తరఫున కొరియాలో మొదటి రెసిడెంట్ జనరల్‌గా ఉండిన ఇటో హిరోబుమి వానిని విరివిగా సేకరించి తన చక్రవర్తికి కానుకగా పంపినాడు.

ఆ రోజులను గూర్చి ఒక కథ చెబుతారు. కొరియా రాజు గోజోంగ్ ఈ పచ్చని పాత్రలను చూచి, ఇవి ఎక్కడివని అడిగినాడట. ఇవి ఈ దేశపు గొర్యో కాలానివని ఇటో చెప్పినాడట. మా దేశంలో ఇట్టివి లేవే అని రాజు అన్నప్పుడు ఇటో మౌనం వహించినాడట. సమాధులలో నుండి తీసినవని ఏ నోటితో చెప్పగలడు? కథలో సంభాషణ ఎంతవరకు యథాతథమో అటుంచి, దాని సారం సత్యం. సమాధి తెరవనిదే ఆ పాత్ర తన జాతికైనను తెలియదు. సమాధి తెరవడం ఆ జాతి దృష్టిలో పాపం. కర్బూజ కూజా కూడ 1916లో ఒక వ్యాపారి చేతిమీదుగా ఆనాటి వలస ప్రభుత్వపు సంగ్రహాలయానికి చేరినది.

ఈ చిక్కుకు లోకంలో సాధారణంగా మూడు సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది కాలాన్ని ఆశ్రయించినది. దాసులు లేరు, రాజు లేడు, దొంగలు లేరు. మిగిలినది సౌందర్యం ఒక్కటే. దానికి పాపం అంటదు అని ఈ వాదం చెబుతుంది. ఇందులో కొంత నిజం ఉన్నది. కూజా ఎవరికీ అపకారం చేయలేదు. కాని కాలం బాధితులను తొలగించగలదే గాని బాధను న్యాయంగా మార్చలేదు. పైగా 1,146 నాటి మాటవలె కనబడే ఈ వ్యవహారంలో తవ్వకం నిన్నమొన్నటిది; తవ్వబడిన నేల, ఆ నేల మనుష్యులు ఇంకను ఉన్నారు. కాలం అన్నిటినీ మాపునన్న మాట చాలవరకు వస్తువు ఎవరి చేతిలో ఉన్నదో వారి నోటనే వినిపిస్తుంది. పోగొట్టుకొన్నవాడు ఆ మాట అనగా వినుట అరుదు.

రెండవ సమాధానం వైరాగ్యం వంటిది. కన్నీటితో తడిసిన వస్తువును చూచి ఆనందించుట తగదు. ముఖం తిప్పుకొనుటయే మర్యాద అని ఈ పక్షం వారంటారు. ఇందులోని మనస్సు గొప్పది. కాని దీని ఫలితం విపరీతమైనది. ‘సో’ పల్లెల కుమ్మరులు ఏ గ్రంథమూ వ్రాయలేదు; వారిని గూర్చి ఎవరూ వ్రాయలేదు. వారు మిగిల్చిన వాక్కు ఆ పాత్ర ఒక్కటే. దానినుండి ముఖం తిప్పుకొనడమంటే వారిని మరియొకసారి పాతిపెట్టడమే. వారి శ్రమ వారి సొత్తు కాకపోవచ్చును. వారి నేర్పు మాత్రం వారిదే. కూజా చేయుమని రాజాజ్ఞ శాసించగలదు. మెడ ఎక్కడ సన్నబడవలెనో, రేకు ఎంత విచ్చుకొన్న చాలునో ఆజ్ఞ శాసించలేదు. ఆ వంపు వద్ద రాజు అధికారం ఆగిపోయినది. అక్కడ కుమ్మరి ఒక్కడే ఉన్నాడు. చూపరి ఆనందం నిజానికి అతనికి చెందిన భాగాన్ని గుర్తించడమే.

మూడవ సమాధానం మరింత ప్రమాదకరమైనది, ఎందుకనగా అది తెలివైనది. రాజుల నిర్బంధం లేనిచో అంతటి పనితనం పుట్టేది కాదు, దొంగలు తవ్వనిచో అది లోకానికి తెలిసేది కాదు. కాబట్టి ఫలాన్ని చూచి మార్గాన్ని క్షమించవలెనని అది బోధిస్తుంది. ఆవములోని మంటనే దీనికి ఉపమానంగా చెప్పవచ్చును: గాలి కొరవడినప్పుడే కదా ఆ పచ్చని వన్నె పుట్టినది, అట్లే స్వేచ్ఛ కొరవడినప్పుడే కళ పండుతుందని. ఈ ఉపమానం చక్కగా ఉన్నది, కాని అసత్యం. ఇనుముకు ఊపిరాడకపోవడం లేదు, మనిషికి ఆడదు. ఒక కార్యానికి కారణమైనంత మాత్రాన ఆ కారణం సమర్థనీయం కాదు. అదీగాక స్వేచ్ఛగా ఉన్న కుమ్మరి ఏమి చేసియుండెడివాడో గొర్యో రాజ్యం ఎన్నడూ పరీక్షించి చూడలేదు. జరుగని దానిని జరుగదని నిరూపించుటకు జరిగినదానిని సాక్ష్యంగా తెచ్చుట న్యాయం కాదు.

ఈ మూడు సమాధానాలూ ఆచరణలో ఎంత కలిసిపోవునో జోన్ హ్యోంగ్‌పిల్ జీవితం చూపుతుంది. 1906లో సంపన్న కుటుంబంలో పుట్టిన ఈయన, జపాను పాలనలో తన దేశపు కళాఖండాలు తరలిపోవుచుండగా వానిని కొని నిలుపుటకు ఆస్తిని వెచ్చించినాడు. 1935లో మేఘాలు, కొంగలు పొదిగిన ఒక పెద్ద సెలడాన్ జాడీకి 20,000 వన్‌లు ఇచ్చినాడు. ఆ సొమ్ముతో ఆనాడు సియోల్‌లో మంచి పెంకుటిండ్లు ఇరవై కొనవచ్చునని చెప్పుకొనేవారు. 1937లో తన భూములు అమ్మి, జాన్ గాడ్స్‌బీ అనే ఆంగ్ల న్యాయవాది వద్దనున్న 20 సెలడాన్ పాత్రలను కొన్నాడు. 1938లో వీని కొరకు సొంతంగా సంగ్రహాలయం కట్టించినాడు. 1962లో ఆయన మరణించినాడు. కొరియా ప్రజలు ఆయనను కృతజ్ఞతతో తలచుకొంటారు, అది సముచితమే.

అయినను ఆయన కొన్న పాత్రలు కూడ సమాధుల నుండి వచ్చినవే. ఆయన చెల్లించిన సొమ్ము తవ్వకపు వ్యాపారంలోనే కలిసినది. ఆ సొమ్ముకు మూలమైన పొలాలు ఆయన స్వయంగా దున్నినవి కావు. గాడ్స్‌బీ నుండి కొన్నవానిలో విల్లో చెట్టు, నీటిపక్షులు పొదిగిన ఒక కుండిక ఉన్నది. ఆ పేరు సంస్కృతం. భారతదేశపు భిక్షువు వెంట ఉంచుకొన్న నీటిపాత్ర, బౌద్ధధర్మంతోపాటు చైనా మీదుగా కొరియాకు చేరి, పూజామందిరాలలో శుద్ధజలపాత్రగా నిలిచినది. కొద్దిపాటి వస్తువులతో బ్రతుకుదునని వ్రతం పట్టినవాని నీళ్లచెంబు చివరకు పొలాలు అమ్మితే గాని దొరకని వస్తువైనది. దీనికి జోన్‌ను నిందించుట అవివేకం. మంచి పని చేసినవాని చేతులు కూడ పూర్తిగా నిర్లిప్తంగా ఉండలేవని మాత్రమే గ్రహించవలెను. లోపం లేని స్థానం దొరికిన తరువాతనే కదులుదునన్నవాడు ఎన్నటికీ కదలడు.

కొన్ని బాకీలు తీరినవి కూడ. 1965లో జపాను, దక్షిణ కొరియా సంధి చేసికొన్నప్పుడు సాంస్కృతిక సంపదను గూర్చి ఒక ఒప్పందం కుదిరినది. దాని ప్రకారం ఇటో తన చక్రవర్తికి ఇచ్చిన సెలడాన్ పాత్రలలో 97 కొరియాకు తిరిగి వచ్చినవి. పాత్రలు వచ్చినవి గాని సమాధులు మూతపడలేదు. ఏ పాత్ర ఏ సమాధిలోనిదో, ఏ మనిషి తలాపున ఉంచినదో చెప్పగల గుర్తులను తవ్వినవారు అప్పుడే చెరిపివేసినారు. తవ్వినవాడు వస్తువును ఒక్కదానినే దొంగిలించలేదు. దాని సమాచారాన్ని ధ్వంసం చేసినాడు. మొదటిదానిని తిరిగి ఇవ్వవచ్చును. రెండవదానిని ఎవరూ ఇవ్వలేరు.

ఆ పోయినది ఎంత విలువైనదో సముద్రం తెలియజేసినది. 2007లో కొరియా పడమటి తీరాన తేఆన్ సమీపంలో ఒక జాలరి వలలో చిన్న అష్టపాదం చిక్కినది. అది తన గూటిని మూసికొనుటకు ఒక సెలడాన్ పళ్లెమును పట్టుకొని ఉన్నది. అక్కడ వెదకగా గాంగ్జిన్ నుండి రాజధానికి పోవుచు 12వ శతాబ్దిలో మునిగిపోయిన పడవ, అందులో 20 వేలకు పైగా పాత్రలు బయటపడినవి. ఆ పాత్రల రాశి కింద ఒక మనిషి ఎముకలు కూడ దొరికినవి. రాజధానిలో ఎవరి భోజనపు బల్లమీదికో పోవలసిన పళ్లెముల బరువు కింద అతడు ఎనిమిది శతాబ్దులకు పైగా ఉన్నాడు.

తరువాత ఆ సముద్రంలోనే, మాడో దీవి వద్ద, 13వ శతాబ్ది ఆరంభపు మరియొక పడవ కనబడినది. అందులో విశాలమైన భుజాలు, చిన్న మూతి గల రెండు అందమైన సెలడాన్ జాడీలు ఉన్నవి. అట్టివానిని పువ్వులకో, మద్యానికో వాడేవారని పండితులు తలచుచుండిరి. ఈ జాడీలకు మాత్రం వెదురుబద్దలు కట్టి ఉన్నవి. ఒకదానిలో తేనె, ఒకదానిలో నువ్వులనూనె పోసి, ఓ మున్‌బు అనే సైనికాధికారి ఇంటికి పంపుచున్నట్లు వానిపై వ్రాసి ఉన్నది. అద్దాల పెట్టెలో నిలిచి మౌనంగా పూజలందుకొనే వస్తువు ఒకనాడు వంటయింటికి బయలుదేరిన సరుకు. ఒక చిన్న బద్ద శతాబ్దుల ఊహను సరిదిద్దినది. సమాధులలో ఇట్టి బద్దలు ఎన్ని తవ్వుగోలల కింద నలిగిపోయినవో! ఆ బద్దపై తేనె తినేవాని పేరున్నది. జాడీ చేసినవాని పేరు అక్కడ కూడ లేదు.

అట్లయినచో చూపరి చేయవలసినదేమి? భారతీయ ధర్మశాస్త్రాలలో ఋణమనే భావన ఇందుకు కొంత దారి చూపుతుంది. మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి ఉంటాడని ప్రాచీనులు చెప్పినారు. ఈ అప్పులలో విశేషమేమనగా, ఇచ్చినవానికి మరల చెల్లించుట సాధ్యం కాదు. ఋషి చెప్పిన విద్యను ఋషికి తిరిగి ఇవ్వలేరు. నేర్చి మరియొకరికి నేర్పవలెను. తండ్రి ఇచ్చిన జన్మను తండ్రికి ఇవ్వలేరు, బిడ్డను పెంచవలెను. అప్పు వెనుకకు గాక ముందుకు తీరుతుంది. తెలియకుండ పడిన అప్పు కూడ అప్పే. అప్పు పడినందుకు సిగ్గుపడి కూర్చొనుట తీర్చుట కాదు.

గాంగ్జిన్ కుమ్మరికి చూపరి పడిన ఋణం ఈ జాతికి చెందినది. ఆ కుమ్మరిని విడిపించుట ఇప్పుడు ఎవరి తరమూ కాదు. కాని ముందుకు తీర్చవలసినవి స్పష్టంగానే ఉన్నవి. తిరిగి ఇవ్వదగినదానిని ఇవ్వవలెను, ఇచ్చునప్పుడు దానమని చెప్పుకొనరాదు. సమాధి మన్ను అంటిన వస్తువు నేడు అంగడికి వచ్చినచో, అది ఎంత అందమైనదైనను, కొనుటకు చేయి చాపరాదు. కొనేవాడు లేనిచోట తవ్వేవాడు ఉండడు. వస్తువును గూర్చి చెప్పునప్పుడు రాజు పేరుతో ఆపక, ‘సో’ పల్లెను, తవ్వినవారిని కూడ చెప్పవలెను. అన్నిటికంటె కష్టమైనది మరియొకటి ఉన్నది. నేడు తన ఇంటిలోని వస్తువులను, తాగే గిన్నెను, తొడిగే బట్టను చేసిన చేతులు ఎట్టి స్థితిలో ఉన్నవో చూపరి విచారించవలెను. 12వ శతాబ్ది కుమ్మరికై నిట్టూర్చి తన కాలపు పనివానిని గమనించనివాడు జాలిపడినాడే గాని ఋణం తీర్చలేదు.

ఈ జ్ఞానం వలన ఆనందం తగ్గుతుందని భయపడనక్కరలేదు. అది మారుతుంది. మొదట కూజా ముందు నిలిచినప్పుడు కలిగిన శాంతి ఏమీ తెలియనివాని శాంతి. అంతా తెలిసి మరల చూచినప్పుడు కూడ ఆ మెడ అంతే సొగసుగా సాగి ఉంటుంది, ఆ వన్నె అంతే లోతుగా ఉంటుంది. అన్యాయం ఆ సౌందర్యాన్ని అబద్ధం చేయలేదు; సౌందర్యం ఆ అన్యాయాన్ని మాపలేదు. రెండింటినీ ఒక చూపులో పట్టుకొనుటకు కొంత బలం కావలెను. ఆ బలం చూపరి తెచ్చుకొనవలసినదే, కూజా ఇవ్వదు.

మేలైన గొర్యో పాత్రలు కొన్నింటిని తలక్రిందుగా పట్టి చూచినచో అడుగున నువ్వుగింజలంత తెల్లని మచ్చలు మూడో నాలుగో కనిపిస్తాయి. రెండవసారి కాల్చునప్పుడు కరిగిన పూత కింది మట్టికి అతుకుకొనకుండ కుమ్మరి పాత్రను చిన్న పలుగురాతి తునకలపై నిలుపుతాడు; ఆ మచ్చలు వాని గుర్తులు. పూతకు మచ్చ పడక తప్పదు గనుక, అది వీలైనంత చిన్నదిగా, ఎవరూ చూడనిచోట పడునట్లు అతడు జాగ్రత్తపడినాడు. సంగ్రహాలయంలో పాత్ర నిలువుగానే ఉంటుంది; ఆ మచ్చలు సందర్శకునికి కనబడవు. అవి అక్కడ ఉన్నవని తెలిసి చూచుటకూ, తెలియక చూచుటకూ భేదం ఉన్నది.